పాట కొంటే ఫైల్ చేతికి రావాలి: డిజిటల్ పాటలు ఎక్కడ కొనాలో తేల్చుకున్న నా అనుభవం

అల్లూరు అవతల, సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర నెట్ సరిగా రాదు. రాత్రిళ్లు ఏరేటర్లు (గుంట నీటికి గాలి పట్టించే యంత్రాలు) తిరుగుతున్నంతసేపూ నాయనా, కాపలా మనిషీ అక్కడి షెడ్డులోనే ఉంటారు. వాళ్లకి పాటలు కావాలి. ఫోన్ యాప్‌లో పెడితే చరణం మధ్యలో ఆగిపోయి చక్రం తిరుగుతుంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి స్పీకర్‌కి గుచ్చితే పాడే ఫైళ్లు, అవీ డబ్బిచ్చి కొన్నవి ఉండాలని డిసెంబర్ ఆఖర్లో ఈ పని మొదలుపెట్టాను. ఫిబ్రవరి రెండో వారానికి పూర్తయింది. ఇంతకాలం పట్టింది పాటలు వెతకడానికి కాదు, ఏ స్టోర్‌లో కొంటే ఫైల్ నిజంగా మనదవుతుందో తేల్చుకోవడానికి.

నెల్లూరులో మొబైల్ షాపుకి వెళ్తే వంద రూపాయలకి మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇస్తారు. అది కొనడం కాదు. పాడినవాళ్లకీ రాసినవాళ్లకీ అందులో పైసా చేరదు. పైగా ఆ ఫైళ్లు ఎన్ని చేతులు మారి, ఎన్నిసార్లు నలిగి వచ్చాయో చెప్పలేం. అందుకే ఆ దారి మొదట్లోనే వద్దనుకున్నాను.

తర్వాత పక్కన పెట్టింది యాప్‌లలో కనిపించే డౌన్‌లోడ్ బటన్‌ని. చందా కట్టే యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కితే వచ్చేది తాళం వేసిన ఫైల్. ఆ యాప్‌లో తప్ప మరెక్కడా తెరుచుకోదు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినా స్పీకర్ చదవదు. స్పాటిఫైలో అయితే 30 రోజులకి ఒకసారైనా నెట్‌లోకి రావాలి, లేకపోతే దాచుకున్న పాటలు ఆగిపోతాయి. చందా మానేస్తే అన్నీ పోతాయి. కంపెనీయే మూసేస్తే కూడా అంతే. రెస్సో అనే పాటల యాప్ 2024 జనవరి 31న ఆగిపోయింది, వింక్ మూసివేత కబురు అదే ఏడాది వచ్చింది.

అమ్మే స్టోర్లు కూడా మూతపడతాయి, కానీ అక్కడ జరిగేది వేరు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ‘ఫ్లైట్’ అనే పాటల దుకాణం తెరిచి 2013 జూన్‌లో మూసేసింది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో ఆగింది. ఆ రెండిట్లోనూ కొన్నవి తాళంలేని ఎంపీ3లే. దించి కంప్యూటర్‌లో పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆ పాటలు ఇవాళ్టికీ పాడుతున్నాయి, స్టోర్‌లోనే ఉన్నాయిలే అని వదిలేసినవాళ్లకి మాత్రం మిగల్లేదు. కాబట్టి ప్రతి స్టోర్‌నీ మూడు సంగతులతో తూచాను: ఫైల్‌కి తాళం ఉందా లేదా, ఏ ఫార్మాట్‌లో ఇస్తారు, మన దేశం నుంచి డబ్బు కట్టే దారి ఉందా. ధర సంగతి నాలుగోది.

సినిమా పాటలకి చివరికి తేలింది ఐట్యూన్స్ స్టోర్. ఇది మన దేశంలో 2012 డిసెంబర్ నుంచి ఉంది. పాటలు ఏఏసీ అనే ఫార్మాట్‌లో, 256 కేబీపీఎస్‌తో (సెకనుకి ఎంత డేటా అన్న లెక్క, ఎక్కువుంటే నాణ్యత ఎక్కువ), తాళం లేకుండా, ఎం4ఏ ఫైళ్లుగా వస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో దీనికి దారి లేదు, అక్కడి ఆపిల్ మ్యూజిక్ యాప్‌లో కొనే ఏర్పాటే ఉండదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఐట్యూన్స్ వేసుకోవాలి, లేదా ఐఫోన్‌లో ఐట్యూన్స్ స్టోర్ అనే విడి యాప్ తెరవాలి. ల్యాప్‌టాప్‌లో తెరవగానే ఆపిల్ మ్యూజిక్ చందా కట్టమని పెద్ద అక్షరాలతో వస్తుంది. అది కొనుగోలు కాదు. చందాతో దించిన ఫైల్ చివర ఎం4పీ అని ఉంటుంది, దానికి తాళం ఉన్నట్టు. కొన్న ఫైల్ చివర ఎం4ఏ అని ఉంటుంది. కొన్న వెంటనే ఫోల్డర్ తెరిచి ఈ ఒక్క అక్షరం చూసుకోవాలి.

డబ్బు కట్టడం దగ్గర కొంచెం ఆలస్యమైంది. ఆపిల్ 2022లో మన దేశంలో డెబిట్, క్రెడిట్ కార్డులు తీసుకోవడం ఆపింది. యూపీఐ, నెట్ బ్యాంకింగ్, లేదా ముందుగా అకౌంట్‌లో బ్యాలెన్స్ వేసుకోవడం, నాకు కనిపించిన దారులివే. పాటకోసారి యూపీఐ ఆమోదం ఇచ్చే బదులు 500 రూపాయల బ్యాలెన్స్ వేసుకుని అందులోంచి కొనడం సుఖం. అకౌంట్ దేశం భారత్ అనే ఉండాలి. గిఫ్ట్ కార్డు కొంటే అదీ మన దేశానిదే అయుండాలి, వేరే దేశపు కార్డు ఇక్కడి అకౌంట్‌లో ఎక్కదు. తగ్గింపు ధరకి గిఫ్ట్ కార్డులు అమ్ముతామనే వాట్సాప్ గ్రూపుల జోలికి పోలేదు.

జనవరి 5న మొదటి పాట కొన్నాను, ఒకే ఒక్కటి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి షెడ్డు స్పీకర్‌కి పెడితే పలకలేదు. చౌక స్పీకర్లలో చాలావాటికి ఎంపీ3 తప్ప వేరేది అర్థం కాదు. ఆల్బములు కొనేముందు ఒక్క పాట కొని, అది మోగాల్సిన పెట్టెలోనే మోగించి చూడాలనేది అందుకే. దీనికి మందు ఐట్యూన్స్‌లోనే ఉంది. ఇంపోర్ట్ సెట్టింగ్స్‌లో ఎంపీ3 ఎన్‌కోడర్ ఎంచుకుని, పాటని ఎంపిక చేసి, ఫైల్ మెనూలోని కన్వర్ట్‌లో ఎంపీ3 వెర్షన్ తయారు చేయమంటే పక్కనే ఇంకో ఫైల్ వస్తుంది. సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత వదిలేసే ఒక నష్టపు ఫార్మాట్ నుంచి అలాంటిదే ఇంకోదానికి మారుస్తున్నాం కాబట్టి నాణ్యత కాస్త తగ్గుతుంది. ఏరేటర్ల హోరులో, అరచేతంత స్పీకర్‌లో ఆ తేడా వినపడదు. అసలు ఎం4ఏ ఫైల్ మాత్రం చెరపకూడదు, రేపు మంచి స్పీకర్ వస్తే అదే కావాలి. ఇంకో సంగతి: ఐట్యూన్స్‌లో కొన్న ఫైల్ లోపల కొన్నవాళ్ల పేరు, అకౌంట్ ఈమెయిల్ రాసి ఉంటాయి. ఎవరికైనా పెన్‌డ్రైవ్ ఇచ్చేముందు ఇది గుర్తుండాలి.

సంక్రాంతి ముందు వారంలో ఇంకో స్టోర్‌లో ప్రయత్నం చేశాను. పేరు అక్కర్లేదు. డబ్బు ఖాతాలోంచి పోయింది, ఆర్డర్ మాత్రం పెండింగ్ అనే చూపించింది, డౌన్‌లోడ్ లింక్ రాలేదు. యూపీఐ లావాదేవీ నంబర్, ఆర్డర్ నంబర్, డబ్బు తగ్గినట్టున్న స్క్రీన్‌షాట్ కలిపి మెయిల్ పెడితే పండగయ్యాక జవాబు వచ్చింది, వారం దాటాక డబ్బు వెనక్కి వచ్చింది. ఆ వారమంతా మనసులో అదే గుచ్చుకుంటూ ఉండింది. పోయింది చిన్న మొత్తమే అయినా, అడిగితే పలికేవాళ్లు లేరన్న భావన చాలా చేదుగా ఉంటుంది. అప్పటినుంచి కొత్త స్టోర్ ఏదైనా ముందు వాళ్ల సంప్రదింపు పేజీలో మెయిల్ ఐడీ ఉందా, రీఫండ్ నియమం రాసి ఉందా చూసి గానీ పైసా కట్టలేదు.

నాదస్వరం కోసం వెతుకులాట వేరే కథ. మా వైపు నాదస్వరం అంటే ముందు గుర్తొచ్చేది షేక్ చినమౌలానా గారు. ఒంగోలు పక్క కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న విద్వాంసుడు. స్టోర్లలో తెలుగు లిపిలో వెతికితే చాలావరకు ఏమీ దొరకదు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అందులోనూ షేక్ అన్న మాటకే రెండు మూడు స్పెల్లింగులు, చినమౌలానాని ఒకచోట కలిపి, ఇంకోచోట విడదీసి రాస్తారు. అన్ని రకాలుగా కొట్టి చూస్తేనే ఉన్న ఆల్బములన్నీ బయటపడతాయి. అవి దొరికాక ఇంకో ఇబ్బంది. 10 నిమిషాలు దాటిన ట్రాక్‌ని చాలాసార్లు విడిగా అమ్మరు, ఆల్బమ్ మొత్తం కొనాలంటారు. రాగాలాపనతో కూడిన కీర్తన అంటే దాదాపు ఎప్పుడూ ఆ కోవలోదే. నమూనాగా వినిపించేది ఒకటిన్నర నిమిషం, అరగంట తోడి రాగం గురించి అందులో ఏం తెలుస్తుంది? అందుకని చందా యాప్‌లో మొత్తం ఒకసారి విని, నచ్చిన ఆల్బమ్‌నే కొన్నాను. చందా యాప్ ఇలాంటి పనికి బాగా ఉపయోగం.

ఇప్పటి స్వతంత్ర కళాకారుల కోసం బ్యాండ్‌క్యాంప్‌కి వెళ్లాను. నా మనసుకి అన్నిటికంటే నచ్చిన స్టోర్ ఇదే, దాచుకోకుండా చెప్తున్నాను. 2008 నుంచి నడుస్తోంది, డిజిటల్ అమ్మకం మీద మామూలుగా 15 శాతం తీసుకుని, చెల్లింపు రుసుములు పోగా మిగతాది కళాకారుడికి ఇస్తుంది. చాలా ఆల్బములకి కనీస ధర మాత్రమే పెట్టి ఉంటుంది, అంతకంటే ఎక్కువ ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు. కొన్నాక ఎంపీ3, ఏఏసీ, శబ్దం ఏమాత్రం నష్టపోని ఫ్లాక్, వావ్ లాంటి ఫార్మాట్లలో ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు, ఒకదాన్ని దించాక మళ్లీ వచ్చి ఇంకోదాన్ని దించుకోవచ్చు. నేను ఫ్లాక్, 320 కేబీపీఎస్ ఎంపీ3 రెండూ దించాను: మొదటిది దాచుకోవడానికి, రెండోది స్పీకర్‌కి. కొన్ని నెలల్లో బ్యాండ్‌క్యాంప్ శుక్రవారాలు పెడతారు, ఆ రోజు స్టోర్ తన వాటా వదులుకుంటుంది. అది అమెరికా పశ్చిమ తీరపు అర్ధరాత్రి నుంచి లెక్క, అంటే మనకి శుక్రవారం మధ్యాహ్నం 12:30కి, వాళ్ల చలికాలంలో అయితే 1:30కి మొదలవుతుంది. పొద్దున్నే కొనేస్తే ఆ లాభం కళాకారుడికి అందదు.

ఇక్కడ కట్టాల్సింది విదేశీ కరెన్సీలో. ముందు బ్యాంక్ యాప్‌లో కార్డు సెట్టింగులకి వెళ్లి అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఆన్ చేయాలి. 2020 మార్చి నుంచి ఆర్‌బీఐ నియమం ప్రకారం కొత్త కార్డులు దేశం లోపలి వాడకానికే తెరిచి వస్తాయి, ఈ మీట మనమే వేయాలి. రూపే కార్డు చాలా విదేశీ సైట్లలో నడవదు, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉండాలి. పరిమితి 1,000 రూపాయలకి కుదించి, కొన్నాక మళ్లీ ఆఫ్ చేశాను. ఎందుకంటే విదేశీ సైట్లు చాలాసార్లు ఓటీపీ అడగకుండానే డబ్బు లాగేస్తాయి. మొదటిసారి ఓటీపీ రాకుండానే డబ్బు కట్ అయినట్టు మెసేజ్ చూసి గుండె ఝల్లుమంది. స్టేట్‌మెంట్‌లో రూపాయల లెక్క రెండు మూడు రోజుల తర్వాత తేలుతుంది. మారకం మీద బ్యాంకు మార్కప్ (అదనపు రుసుము) ఉంటుంది, చాలా కార్డులకి 2 నుంచి 3.5 శాతం. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 600 రూపాయల ఆల్బమ్‌కి 3.5 శాతం అంటే 21 రూపాయలు, దాని మీద జీఎస్టీ 3.78. చిన్న మొత్తమే. విదేశీ డిజిటల్ సరుకు మీద 18 శాతం జీఎస్టీని కొన్ని స్టోర్లు చివరి పేజీలో కలుపుతాయి, అది మాత్రం కనపడేంత ఉంటుంది. చివరి పేజీ దాకా వెళ్లకుండా ధరలు పోల్చడం వృథా.

ఇంకా ఎక్కువ నాణ్యత ఉండే ‘హై రిజల్యూషన్’ ఫైళ్లు అమ్మే స్టోర్ల దగ్గర పెద్దగా ఆగలేదు. వాటిలో కోబుజ్ మన దేశంలో సేవ ఇవ్వడం లేదు. ఇలాంటి ఇంకొన్ని స్టోర్లు బిల్లింగ్ చిరునామా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి. వీపీఎన్ పెట్టి (వేరే దేశం నుంచి నెట్ వాడుతున్నట్టు చూపించి) దొంగ చిరునామా ఇవ్వమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది పట్టుకుని వాళ్లు అకౌంట్ ఆపేస్తే కొన్నవి కూడా పోతాయి, అడిగే హక్కూ ఉండదు. అమెజాన్ మన దేశపు సైట్‌లో ఎంపీ3లు అమ్మదు, అక్కడున్నది వినడానికే.

స్టోర్ తేలాక కూడా సరైన పాటే కొంటున్నామా అన్నది పెద్ద పని. నెల్లూరులో ఎవరి జాబితా అయినా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారితోనే మొదలవుతుంది. తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో కంచి పీఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేసిన మనిషి, ఇక్కడివాళ్లకి ఇంటివాడే. ఆయన ఒకే బాణీని తెలుగులో, తమిళంలో, కన్నడంలో పాడిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు చూసి కొంటే వేరే భాష పాట రావచ్చు. నమూనా వినకుండా కొననే కూడదు. ఘంటసాల గారి కాలపు పాటల్లో ఇంకో చిక్కు. రీమిక్స్, రివైవల్, ఝంకార్ అనే మాటలు ఆల్బమ్ పేరులో ఉంటే పాత గొంతు కింద కొత్త డ్రమ్ములు, కీబోర్డు చేర్చారని అర్థం. నాయనకి అలాంటిది ఒకటి వినిపిస్తే, ‘ఇదేందబ్బయ్యా, పెళ్లి బ్యాండు కలిపేసుండారు’ అన్నాడు. వేరే గాయకుడు పాడిన కవర్ వెర్షన్లు కూడా అదే పేరుతో, అదే సినిమా బొమ్మతో పక్కపక్కనే ఉంటాయి. గాయకుడి పేరు, నిడివి, హక్కులున్న మ్యూజిక్ కంపెనీ (లేబుల్) పేరు, ఈ మూడూ కలిసి సరిపోతేనే అసలు రికార్డింగ్. హెచ్‌ఎంవీ ముద్రతో వచ్చిన పాతవాటికి ఇప్పుడు సరిగమ పేరు ఉంటుంది, అదొక ఆనవాలు.

నాణ్యత చూడటానికి స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడాను. ఫైల్‌ని అందులోకి లాగితే శబ్దపు బొమ్మ గీస్తుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లో పైభాగం 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతుంది, 320 అయితే 20 దాకా వెళ్తుంది. ఫ్లాక్ అని అమ్మిన కొత్త పాటలో 16 దగ్గర ఆ గీత కనపడితే, ఎంపీ3ని ఫ్లాక్ డబ్బాలో పెట్టి ఇచ్చారని అనుమానించాలి. అయితే 1950లు, 60ల నాటి రికార్డింగుల్లో పైస్థాయి శబ్దం సహజంగానే తక్కువ, అక్కడ ఈ పరీక్షతో తీర్పు చెప్పకూడదు. సైజు లెక్క కూడా పనికొస్తుంది: 5 నిమిషాల పాట 320 ఎంపీ3లో 12 ఎంబీ, 256 ఏఏసీలో 10 ఎంబీ లోపు, ఫ్లాక్‌లో 30 ఎంబీ అటూ ఇటూ, వావ్‌లో 53 ఎంబీ.

ఫిబ్రవరి మొదటి వారమంతా పెన్‌డ్రైవ్ పనే. 32 జీబీది తీసుకున్నాను. 64 జీబీవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే డిస్క్ ఫార్మాట్‌లో వస్తాయి, చౌక స్పీకర్లూ పాత కారు స్టీరియోలూ ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. 32 జీబీలో 320 ఎంపీ3లు సుమారు 2,400 పడతాయి, ఇంకేం కావాలి. ఫార్మాట్ చేసి పాటలెక్కించి ఇస్తే నాయన దగ్గర్నుంచి ఫోన్: ‘పాటలన్నీ కలగాపులగంగా వస్తుండాయేంది?’ ఈ స్పీకర్లు పేరు వరస చూడవు, కాపీ అయిన వరసలో పాడతాయి. పాటల పేర్ల ముందు 001, 002 అని పెట్టినా చాలదు. మళ్లీ ఫార్మాట్ చేసి, ఒక్కో ఫోల్డర్‌నీ వరసగా, ఒకటి పూర్తయ్యాక ఇంకోటి కాపీ చేస్తే సర్దుకుంది.

స్పీకర్ ఒక్కో పాటకీ ముందు నాలుగైదు సెకన్లు ఆలోచిస్తుంటే కారణం ఫైల్ లోపలి ముఖచిత్రం. 3,000 పిక్సెళ్ల బొమ్మ పొదిగి ఉంటుంది, పాపం ఆ చిన్న చిప్పు దాన్ని దాటుకుని రావాలి. ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్‌తో బొమ్మల్ని 500 పిక్సెళ్ల జేపెగ్‌కి తగ్గించాను. అందులోనే ట్యాగుల్ని (ఫైల్ లోపల రాసి ఉండే పాట, గాయకుడి వివరాలు) ఐడీ3 2.3 వెర్షన్‌కి మార్చాను, పాత స్టీరియోలు 2.4ని సరిగా చదవవు. తెలుగు లిపిలో ఉన్న పేర్లు కారు తెర మీద డబ్బాలుగా కనిపిస్తాయి కాబట్టి పెన్‌డ్రైవ్ కాపీలో ఇంగ్లీషు అక్షరాలే ఉంచాను. ఒక పాట గట్టిగా, ఇంకోటి నీరసంగా వినపడకుండా ఎంపీ3గెయిన్‌తో 89 డెసిబెల్స్‌కి సమం చేశాను, అది శబ్దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు. ఆలాపన, కీర్తన రెండు ట్రాకులుగా ఉన్నచోట మధ్యలో మౌనం పడి రాగం తెగిపోతుంటే, ఆడాసిటీ అనే ప్రోగ్రామ్‌లో అతికించి ఒకే ఫైల్ చేశాను. ఉప్పుగాలికి యూఎస్‌బీ మొన తుప్పు పడుతుంది, వాడనప్పుడు జిప్ కవర్‌లో పెట్టమని చెప్పాను.

మధ్యలో ఊళ్లో గుడివాళ్లు నాదస్వరం ఫైళ్లు అడిగారు. స్టోర్‌లో కొన్నది సొంతంగా వినడానికే, కాపీలు తీసి పంచే హక్కు రాదు. గుడిలో ఉత్సవానికి వినిపించడం వేరు, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మతపరమైన కార్యక్రమాలకి, పెళ్లి ఊరేగింపుకి మినహాయింపు ఉంది. అందుకే కాపీ ఇవ్వలేదు, ఆల్బమ్ లింక్ పంపాను, వాళ్లే కొనుక్కున్నారు. పాత రికార్డులు ఉచితంగా దొరికే చోట్ల కూడా ఒక లెక్క ఉంది: రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, కానీ రచయిత, స్వరకర్తల హక్కు వాళ్ల మరణం తర్వాత 60 ఏళ్లు. త్యాగరాజ కీర్తనకి రెండోది లేదు, సినిమా పాటకి ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌తో కలిపి ఖర్చు 3,000 రూపాయల లోపే తేలింది. కొన్న ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, విడి హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ ఉన్నాయి. లేబుల్ హక్కులు మారితే స్టోర్‌లోంచి పాట తీసేస్తారు, అప్పుడు మళ్లీ దించుకోవడం కుదరకపోవచ్చు. రసీదు మెయిళ్లని పీడీఎఫ్ చేసి ఆ ఫోల్డర్‌లోనే ఉంచాను. జాబితాలో కొన్ని పాటలు ఎక్కడా అమ్మకానికి లేవు. వాటిలో రెండు ఆల్బముల సీడీలు ఒంగోలులో తెలిసినవాళ్ల దగ్గర దొరికితే అడిగి తీసుకుని, ఇంట్లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సీడీ చదివే ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తున్నాను. సరిగ్గా చదువుతున్నాయని తేలాక వాళ్ల దగ్గర ధర కట్టి కొనుక్కుని, ఆ తర్వాతే ఫైళ్లుగా మారుస్తాను. మిగతావాటి కోసం లేబుల్‌కి మెయిల్ పెట్టాను, జవాబు ఇంకా రావాలి.